హెడ్ దించే ముందు

బాబూ,

నిన్న ఫోన్‌లో సగం ట్రాక్టర్ చప్పుడు, సగం నీ టెన్షన్. నేను చెప్పింది నీకు ఎంత వినపడిందో తెలీదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. అక్క ఫోటో తీసి నీ ఫోన్‌కి పంపుతుంది. ఒడియా మీడియంలో చదివినవాడివి, నా గొలుసుకట్టు రాత కొరుకుడు పడకపోతే అమ్మచేత చదివించుకో.

ట్రాక్టర్ వేడెక్కిపోతోందంటే మేస్త్రి హెడ్, అంటే ఇంజన్ పైభాగం, దించాలన్నాడు కదా, ఇప్పుడే ఒప్పుకోకు. నాట్లేసే ఉభాల రోజుల్లో ఇంజన్ విప్పితే బండి ఎన్నాళ్లు షెడ్డులో పడి ఉంటుందో అతనికే తెలీదు. ఈ సీజన్లో మడిలో బురద దున్నే దమ్ముకి అద్దె బండి దొరకడం కల్ల. హెడ్ కింద సందు మూసే గ్యాస్కెట్ పోతే దాని గుర్తులు దానికుంటాయి. పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడు. నీళ్లలో బుడగలు ఆగకుండా పైకి వస్తుంటే అనుమానించాలి. అంతకంటే ముందు ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ లాగి చూడు. ఆయిల్ తెల్లగా, చిక్కగా మారితే అందులో నీళ్లు కలిసినట్టే, ఇక ఇంజన్ తిప్పనే వద్దు. వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్లపొగ వదులుతోందా, లీకు కనపడకుండానే నీళ్లు తగ్గిపోతున్నాయా అన్నదీ గమనించు. ఇవేవీ లేకపోతే మేస్త్రికి టీ ఇప్పించి పంపెయ్. మనిషి మంచోడే, కానీ అతని చేతిలో ఎప్పుడూ పెద్ద స్పానరే ఉంటుంది.

నువ్వు చెప్పినదాంట్లో అసలు మాట ఒకటుంది. ట్రాలీతో కాశీనగర్ రోడ్డెక్కితే వేడి మీటరు ముల్లు మధ్యలోనే ఉంటోంది, దమ్ములో దిగిన అరగంటకి ఎర్రగీత ముట్టుకుంటోంది అన్నావు. దమ్ము చక్రాలతో బురదలో బండి మెల్లగా నడుస్తుంది, లోడు మాత్రం నిండా ఉంటుంది. రోడ్డు మీద ఎదురుగాలి కొంత సాయం చేస్తుంది, మడిలో ఫ్యాను ఒక్కటే దిక్కు. రేడియేటర్‌లో గాలి ఆడకపోయినా, నీళ్లు సరిగా తిరగకపోయినా అక్కడే బయటపడుతుంది. నా లెక్క ప్రకారం నీ జబ్బు రేడియేటర్‌దే.

మొదట ముందువైపు జాలీ విప్పు. మొన్నటి నూర్పుల పొట్టు, దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి రేడియేటర్ ముఖాన అట్టకట్టి ఉంటాయి, దాని మీద ఇప్పుడు బురద కూడా. రాత్రిపూట ఇంజన్ ఆపి, ఫ్యాను వైపు నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడు. వెలుతురు రాని చోటల్లా గాలి కూడా రానట్టే. పంక్చర్ షాపు గాలి గొట్టంతో ఊదించు. ఫ్యాను వైపు నుంచి బయటికి ఊదాలి. ఫ్యాను గాలిని ముందు నుంచి లోపలికి లాగుతుంది కాబట్టి, మనం ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగిపోతుంది. వాషింగ్ పంపు దగ్గరగా పెట్టి కొట్టావంటే ఆ సన్నరేకులు వంగి దారి మూసుకుపోతుంది. ఫ్యాను చుట్టూ రేకు కవరు ఉందో లేదో కూడా చూడు. పని సులువని దాన్ని విప్పి మూల పడేస్తారు, అది లేకపోతే ఫ్యాను రేడియేటర్ మొత్తం నుంచి గాలి లాగలేదు.

లోపలి సంగతి. మన బోరు నీళ్లు మరగబెట్టే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూశావా, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే. ఇంజన్ చల్లారాక కింది కాక్ తిప్పి నీళ్లన్నీ వదిలెయ్. వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ తీసి, పైపు నీళ్లు కింది గొట్టం నుంచి ఎక్కించి పైనుంచి వదులు, తేటనీళ్లు వచ్చేదాకా. అప్పటికీ దారి ఇవ్వకపోతే పర్లాకిమిడి రేడియేటర్ షాపుకి పట్టుకెళ్లు. మనది పాత ఇత్తడి రేడియేటర్, పై ట్యాంకు విప్పి గొట్టాల్లో సన్న కడ్డీ దూర్చి పెచ్చు రాలుస్తారు. తిరిగి బిగించాక బోరు నీళ్లు పొయ్యకు. డాబా మీంచి పడే వాననీళ్లు వడకట్టి, కూలెంట్ సగం నీళ్లు సగం కలిపి పొయ్యి.

థర్మోస్టాట్ ఎలాగూ చేతికొచ్చింది కాబట్టి దాన్నీ చూసెయ్. మన ఎండలకి ఇదెందుకని మేస్త్రి పారేయబోతాడు. ఒప్పుకోకు. అది లేకపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా కాగుతాయి. నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టు, అడుగు తగలనివ్వకు. దాని మీద 82 అనో అలాంటి అంకె కొట్టి ఉంటుంది, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు తెర్లినా నోరు తెరవకపోతే కొత్తది కొను. అమ్మ కూర గిన్నె మాత్రం తీసుకోకు.

ఫ్యాన్ బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కు, అరంగుళం దిగితే చాలు. కప్పీ గాడి అడుగు మెరుస్తుంటే బెల్ట్ అరిగి అడుక్కి దిగినట్టు, ఎంత బిగించినా జారుతుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి నీళ్లు కారుతుంటే పంపు సీల్ పోయినట్టే. 1936లో ఒడిశాకి సరిహద్దు గీత గీసినప్పుడు పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు పడ్డాయి గానీ, స్పేర్ పార్టులకి మనకి రెండూ ఒకటే. ఇక్కడ లేకపోతే అక్కడ అడుగు.

ఈలోగా ముల్లు మళ్లీ ఎక్కితే మడిలోనే లోడు తీసేసి, నీళ్లు ఉన్నాయంటే ఐదు నిమిషాలు ఖాళీగా నడవనీ, టక్కున ఆపకు. ఆవిరి చిమ్ముతూ నీళ్లు పోయాయంటే మాత్రం వెంటనే ఆపెయ్. నీళ్లు పూర్తిగా పోతే ముల్లు తగ్గినట్టు కూడా చూపిస్తుంది, నమ్మకు. మూత మీద చెయ్యి వెయ్యొద్దు, ముఖం కాలుతుంది. పూర్తిగా చల్లారాక తడి గోనె కప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి ఆవిరి పోనిచ్చి తీయి. వేడి ఇంజన్లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది, అప్పుడు మేస్త్రి మాటే నిజమవుతుంది.

నల్లపొగ కక్కుతుంటే ఒక గేరు తగ్గించి రేజింగ్ పెంచు. పాత బెల్ట్ పారేయకు, టూల్ బాక్సులో పెట్టు. రేడియేటర్ ఊదించాక ముల్లు ఎక్కడ ఆగిందో రేపు సాయంత్రం ఫోన్ చెయ్, బండి ఆపి మాట్లాడు.

మీ నాన్న