అపర్ణ పేరులో అమంగళం ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

ఆడపిల్లల పేర్ల జాబితాలు ఈమధ్య ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. వాటిలో అపర్ణ అన్న పేరుకు ఎదురుగా 'ఆకులు లేనిది' అని రాసి వదిలేస్తున్నారు. మా బంధువుల ఇంట బారసాలనాడు, పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాయబోయే వేళ, పచ్చని పిల్లకు మోడు పేరేమిటని ఒక పెద్దావిడ అడ్డుచెప్పడంతో ఆ పేరు మార్చేశారు. నాకు చాలా బాధ కలిగింది.

పర్ణమంటే ఆకే, సందేహం లేదు. అయితే ఇక్కడ చెప్పిన ఆకు ఆహారంగా తీసుకునేది. కళ్లెదుటే మన్మథుడు బూడిదయ్యాక, రూపంతో సాధించలేని శివుణ్ణి తపస్సుతో సాధించాలని పార్వతి పూనుకున్న తీరును కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో వర్ణించాడు. వేసవిలో నాలుగు అగ్నుల నడుమ నిలిచి సూర్యుణ్ణి చూస్తూ, పుష్యమాసపు రాత్రులు నీళ్లలో గడుపుతూ ఆమె తపస్సు చేసింది. వాటంతట అవి రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకు పరాకాష్ఠ కాగా, ఆమె వాటిని సైతం మానేసినందువల్ల పూర్వం సంగతులు తెలిసినవారు ఆమెను అపర్ణ అన్నారని కవి చెబుతాడు. తపస్సు వద్దమ్మా అని తల్లి మేన 'ఉ మా' అంటూ వారించినందుకు ఉమ అన్న పేరు వచ్చిందని మొదటి సర్గలోనే ఉంది. తల్లి బెంగలోంచి ఆ పేరు పుడితే, కూతురి పట్టుదలలోంచి ఈ పేరు పుట్టింది.

అమరకోశం 'అపర్ణా పార్వతీ దుర్గా' అని ఈ పేరును దుర్గ సరసనే చేర్చింది. ఆకులు లేకపోవడం అశుభమనే శంకకు శంకరుల పేరిట ప్రసిద్ధమైన ఆనందలహరిలో ఎంతో అందమైన సమాధానం ఉంది. ఆకులున్న తీగలను ఇతరులు ఆశ్రయిస్తే ఆశ్రయించనీ, నాకు మాత్రం ఈ అపర్ణే సేవించదగినది, ఆమె అల్లుకుంటే పాత స్థాణువు కూడా కైవల్యమనే ఫలాన్నిస్తుంది అంటాడు భక్తుడు. స్థాణువంటే మోడు, శివుడు కూడా. మోడును పండించిన తీగ పేరు పిల్లకు పెట్టుకోవడానికి జంకెందుకు?

పత్రికల మహిళా పేజీల్లో పేర్లు, అర్థాలు ప్రచురించేటప్పుడైనా 'తపస్సులో రాలిన ఆకులను సైతం తినని పార్వతి' అని పూర్తిగా రాయించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి