పంచాంగం పక్కన కార్తె కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గర ఒక పల్లె. పాఖాల చెరువు కింద రెండెకరాల వరి, మెరక మీద ఎకరంన్నర మిర్చి చేస్తాను. మీ పేపర్లో రోజూ తిథి, వర్జ్యం, రాహుకాలం చూస్తున్నాను. కార్తె మారిన రోజు మాత్రం ఆ సంగతి ఎక్కడా కనబడదు. దాన్ని కూడా వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కోటి 13, 14 రోజులు. మా అమ్మకు చదువు రాదు, అయినా ఏ కార్తె నడుస్తోందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆరుద్రలో నాలుగు చినుకులు పడితే చాలు, పని వదిలేసి వాకిట్లోకి వచ్చి ఆకాశానికి దండం పెట్టేది. నాకు ఆ దండం అబ్బలేదు. క్యాలెండర్ మీద రాసుకోవడం ఒక్కటే అబ్బింది. వాన ఎంత పడింది, మోటర్ ఎప్పుడు కాలింది, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి క్వింటాకు ఎంత పలికింది, అన్నీ ఆ గళ్లలోనే. పాత క్యాలెండర్లు పారేయకుండా ఒకే మేకుకు తగిలించేవాణ్ణి.

ఇంటికి సున్నం వేసేటప్పుడు మా ఇంటావిడ ఆ కట్ట దింపి, ఒక్కో పేజీ తిప్పి చూసింది. "అన్నీ పోయినయే రాసినవ్. వచ్చినయి ఎక్కడ రాసినవ్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు తెరిచి ఉన్న పేజీ 2023 జూలైది. ఆ 27వ తేదీ ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాగు పక్కన నేను పోసుకున్న మిర్చి నారుమడి ఆనవాలు లేకుండా పోయింది. గడిలో "నారు మొత్తం పోయింది, గట్టు తెగింది" అని రాసుకున్నాను. ఆగస్టు పేజీలో "మిర్చి నాటినం" అని ఉంది. పోయిన నారు మళ్లీ ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు.

అది మా తమ్ముడి నారు. బోరు నీళ్ల వంతు దగ్గర గొడవై నాలుగేళ్లుగా మాకు మాటల్లేవు. వాడి మడి మెరక మీద ఉండి బతికింది. ఒక పొద్దున చేనుకు వెళ్తే గట్టు మీద తడి గోనెసంచిలో చుట్టిన నారు కట్టలు ఉన్నాయి. వేళ్లకు మట్టి కూడా ఆరలేదు. ఎవరు పెట్టారో నాకు తెలుసు. నాటుకున్నాను, పంట తీసుకున్నాను, ఒక్క మాట అనలేదు.

సున్నం వేసిన మర్నాడు వాళ్లింటికి పోయాను. "నారు సంగతి అప్పుడే చెప్పాల్సింది తమ్మీ" అన్నాను. వాడు కాసేపు నేల చూసి, "ఇప్పుడెందుకే అన్నా అవన్నీ, కూసో, చాయ్ తాగు" అన్నాడు.

అప్పటి నుంచి కార్తె మారిన రోజు రాత్రి ఒక్క వాక్యం రాస్తున్నాను. ఈ పదమూడు, పద్నాలుగు రోజుల్లో నాకు ఏం అందింది, ఎవరి చేతి నుంచి అందింది, అంతే. ఆశ్లేషలో మోటర్ కాలితే పక్క చేను ఆయన రెండు తడులు ఇచ్చాడు. మఖలో నాటుకు వచ్చిన ఒకామె ఒడ్డు మీద పామును చూసి నన్ను చెయ్యి పట్టి ఆపింది. పుబ్బలో ఏమీ గుర్తు రాలేదు, గడి ఖాళీగానే ఉంది. రోజూ రాయాలంటే మనసు మొరాయిస్తుంది, ఏడాదికోసారి అంటే సగం మర్చిపోతాం. కార్తె సరిగ్గా సరిపోతుంది. పైగా ప్రతి కార్తెకూ దాని పని ఉంటుంది, ఆ పనిలో చెయ్యి వేసినవాళ్లు ఉంటారు. ఎవరి గురించి రాశానో, వాళ్ల మీద నాకు గొంతు లేవడం లేదు. ఇంతకుముందు చిన్నదానికే లేచేది.

ఇప్పుడు హస్త. బతుకమ్మ దగ్గరికొచ్చింది. మేమందరం కలుపు మందు కొట్టీ కొట్టీ, బతుకమ్మలో పేర్చే గునుగు పూలు చేలల్లో లేకుండా చేశాం. పోయినేడు మా ఊరి ఆడపిల్లలు గునుగు కోసం రోడ్డు పట్టుకుని చాలా దూరం నడిచారు. ఈసారి మెరక చేను అంచున నాలుగు సాళ్ల వెడల్పు దున్నకుండా, మందు కొట్టకుండా వదిలాను. కింద వెండిలా తెల్లగా, కొసన లేత గులాబీగా కంకులు నిండుగా ఉన్నాయి. నిన్న పిల్లలు వచ్చి ఒడి నిండా కోసుకుపోయారు. మొన్న హస్త వచ్చిన రాత్రి గడిలో రాయడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు. "తొలకరికి దున్నని నేల కూడా పూసింది" అని రాశాను.

పేపర్లో పెద్ద వ్యాసం అక్కర్లేదు. తిథి కింద "నేటి నుంచి ఫలానా కార్తె" అని ఒక్క వరుస వేస్తే చాలు. అక్టోబర్ 10, 11 ప్రాంతంలో చిత్త వస్తుంది. అప్పటి నుంచి మొదలుపెట్టినా సంతోషమే.

ఇట్లు,
ఒక మిర్చి రైతు,
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా