ఈ వారం వినాల్సింది: పర్సెల్

అందరికీ నమస్తే. ఈ వారం పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ స్వరకర్త హెన్రీ పర్సెల్ రాసిన ‘హియర్ మై ప్రేయర్, ఓ లార్డ్’ అనే చర్చి బృందగానం వినండి. రెండు మూడు నిమిషాలే, కానీ దయచేసి వేరే పని చేసుకుంటూ వినొద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోండి. 1682 ప్రాంతంలో రాశాడు, అప్పటికే లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చిలో ఆర్గనిస్ట్ (ఆర్గన్ వాయించేవాడు), ఇంకా పాతికేళ్లు కూడా లేవు!

మాటలు బైబిల్‌లోని 102వ కీర్తన మొదటి వచనం ఒక్కటే: దేవా నా ప్రార్థన విను, నా మొర నీదాకా రానీ. మొదట ఒకే గొంతు దాదాపు ఒకే స్వరం మీద నిలబడి, కాస్త పైకి కదిలి మళ్లీ అక్కడికే దిగుతుంది, తర్వాత ఒక్కొక్కరే చేరుతూ ‘క్రయింగ్’ (మొర) అనే మాట దగ్గర అరస్వరాల మీద కదులుతూ, చివరికి ఎనిమిది గొంతులూ ఒకదానితో ఒకటి ఒరుసుకునే చోటికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ ఊపిరి ఆగిపోతుంది.

రాతప్రతిలో దీని తర్వాత ఖాళీ పేజీలున్నాయి, అందుకే ఇది పెద్ద ఆంథెమ్‌కి (చర్చిలో క్వాయర్ పాడే రచనకి) మొదటి భాగం మాత్రమేనని పండితులు భావిస్తారు. నాకైతే దీనికి ఇంకేమీ కలపక్కర్లేదు.

నెమ్మదిగా పాడిన రికార్డింగ్ వెతకండి, వేగంగా పాడితే ఆ ఒరిపిడి వినపడదు. క్వాయర్‌లో పాడేవాళ్లు మీ గొంతు లైన్‌నే పట్టుకుని ఇంకోసారి విని, ఎలా ఉందో ఇక్కడ రాయండి.