ఊరివాళ్ల సలహాలో పేరొక్కటే చాలదు

మాన్యులైన సంపాదకులకు,

నమస్కారం. సెలవులు దగ్గర పడగానే మన పత్రికల ఆదివారం అనుబంధాలు పర్యాటక నగరాల కథనాలతో నిండిపోతాయి. చూడవలసిన కట్టడాల పక్కనే ‘స్థానికుల మాట’ అంటూ ఒక బాక్స్ ఐటమ్ ఉంటుంది. అందులో నాలుగు భోజనశాలల పేర్లు, రెండు వినోద స్థలాల పేర్లు కనిపిస్తాయి. పర్యాటకులు ఏడాది పొడవునా వచ్చిపోయే ఊళ్లో నివసిస్తూ, వీధిలో ఆపి అడిగినవారికి దారి చెప్పడం అలవాటైపోయిన మనిషిగా, ఆ బాక్సు చదివినప్పుడల్లా నాకు అసంతృప్తి కలుగుతుంది. ఆ చోటికి ఏ వేళకు వెళ్లాలో, ఎవరికి నచ్చుతుందో, ఎవరు వెళ్లకపోవడమే మేలో అందులో ఎక్కడా ఉండదు. స్థానికుడికి ప్రత్యేకంగా తెలిసినదేమైనా ఉంటే అది ఈ వివరాల్లోనే ఉంటుంది కాబట్టి, మీ పత్రికైనా ఈ పద్ధతి మార్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ప్రసిద్ధమైన కట్టడం ఎదుట ఉండే భోజనశాల సంగతే చూడండి. అక్కడ తిన్నవారిలో అత్యధికులు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. నచ్చినా రారు, నచ్చకపోయినా రారు. అందువల్ల యజమాని శ్రద్ధ వంటింటి మీద కంటే వీధి మీదే ఎక్కువగా ఉంటుంది. దారికి అడ్డొచ్చి పిలిచే కుర్రాడు, నాలుగు భాషల్లో అచ్చేసిన మెనూ, ఎండకు వెలిసిపోయిన వంటకాల ఫొటోలు అక్కడి పెట్టుబడి. అదే ఊళ్లో ఆఫీసుల సందులో మధ్యాహ్నం భోజనం పెట్టే మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఇవాళ ఉప్పు ఎక్కువైతే రేపు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కొనేవాడికి సరుకు మంచిచెడ్డలు ముందుగా తెలియని చోట నాసిరకం ఎలా పైచేయి సాధిస్తుందో 1970లో ఒక పరిశోధన వ్యాసంలో వివరించి, 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్, ఆ వ్యాసంలోనే ఒకే పేరుతో చాలా ఊళ్లలో నడిచే చైన్ రెస్టారెంట్లను కూడా ప్రస్తావించారు. అవి ఎక్కువగా ఊళ్లను కలిపే రహదారుల మీదే ఉంటాయనీ, వాటికి వచ్చేవారిలో స్థానికులు అరుదనీ, తన ప్రాంతం తెలిసినవాడు తనకు నచ్చిన చోటును తానే ఎంచుకోగలడనీ ఆయన గమనించారు. పిల్లలతో, పెట్టెలతో రాత్రి పదింటికి దిగిన కుటుంబం తెలిసిన బోర్డు కిందికే వెళ్తే తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మర్నాడు ఉదయానికైనా ఆ ఊరు తెలిసినవాడి మాట వారికి అందాలన్నదే నా ఆశ.

ఫోనులో కనిపించే నక్షత్రాలు ఆ పని చేసిపెడతాయని చాలామంది నమ్ముతున్నారు. 2017లో లండన్‌లో ఒక పాత్రికేయుడు తన పెరట్లోని షెడ్డును రెస్టారెంటుగా నమోదు చేసి, తెలిసినవారి చేత పొగడ్తలు రాయించి, ప్రయాణికులు సమీక్షలు రాసే ట్రిప్‌అడ్వైజర్ వెబ్‌సైటులో ఆ మహానగరపు రెస్టారెంట్లన్నిటికీ పైన, మొదటి స్థానంలో నిలబెట్టాడు. అప్పటివరకు అక్కడ ఎవరూ ఒక్క ముద్ద తినలేదు. ఫొటోల్లో వంటకాల మీద కనిపించిన నురగ గడ్డం గీసుకోవడానికి వాడేది. మన దేశంలో ఇటువంటి సమీక్షలను అదుపు చేయడానికి 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 19000 ప్రమాణం వెలువడింది గానీ, దాన్ని పాటించడం వేదికల ఇష్టానికే వదిలేశారు. పోనీ సమీక్షలన్నీ నిజాయితీగా రాసినవే అనుకున్నా, బండి పెట్టుకోవడానికి చోటు దొరకలేదని ఒక నక్షత్రం ఇచ్చినవాడినీ, పుట్టినరోజు కేకు ఉచితంగా ఇచ్చారని అయిదు ఇచ్చినవాడినీ కలిపి తీసిన సగటు చూసి భోజనం సంగతి తేల్చుకోవడం కష్టం.

నక్షత్రాలకు ఒకప్పుడు ఇంతకంటే స్పష్టమైన అర్థం ఉండేది. కార్లలో జనం ఎక్కువగా తిరిగితే టైర్లు ఎక్కువగా అమ్ముడవుతాయన్న ఆలోచనతో 1900లో ఫ్రాన్సులో మార్గదర్శిని వేసిన మిషెలిన్ కంపెనీ 1926లో రెస్టారెంట్లకు నక్షత్రం ఇవ్వడం మొదలుపెట్టి, 1931లో మూడు అంచెలు చేసింది. దారి మళ్లి వెళ్లదగిన చోటుకు రెండు, దానికోసమే ప్రత్యేకంగా ప్రయాణం కట్టదగిన చోటుకు మూడు అని వాటి అర్థం. ఎంత దూరం నుంచి వెళ్తే ఆ శ్రమకు తగిన ఫలితం దక్కుతుందో చెప్పిన ఆ కొలత, బాగుందన్న ఒక్క మాటతో సరిపెట్టే మన జాబితాల కంటే ఈనాటికీ మెరుగ్గానే ఉంది. ఒక్క పూట మాత్రమే ఊళ్లో ఉండేవాడిని నగరం రెండో కొసకు పంపే సలహా, ఆ భోజనం ఎంత బాగున్నా, మంచి సలహా కాదు.

ఇంత మాత్రాన స్థానికుల మాటంతా వేదవాక్కని నేననడం లేదు. ఊరి పరువు కోసం, తాము ఏళ్ల తరబడి అడుగుపెట్టని చోటును ఆకాశానికెత్తేవారున్నారు. చిన్నప్పుడు తిన్న రుచిని తలచుకుని, యజమానీ వంటమనిషీ ఎప్పుడో మారిపోయిన హోటలుకు అతిథులను పంపేవారున్నారు. కమీషన్ కోసం చెప్పేవారి సంగతి వేరే చెప్పాలి. మా బంధువులు స్టేషన్‌లో దిగి నేను చెప్పిన భోజనశాల పేరు చెబితే, డ్రైవరు అది ఇవాళ మూసేశారని నమ్మించి మరో చోట దించాడు. అతడు వారికంటే ముందే లోపలికి నడిచి, కౌంటర్ దగ్గర ఆరు వేళ్లు చూపించి, పక్క తలుపు దగ్గర కట్టి ఉంచిన పొట్లం ఒకటి అందుకుని వెళ్లిపోయాడట. నేను చెప్పిన చోటు ఆ పూట తెరిచే ఉంది.

కాబట్టి ఎవరిని అడగాలన్నదీ, ఏమని అడగాలన్నదీ ముఖ్యమే. ‘ఇక్కడ ఏది బాగుంటుంది?’ అని అడిగితే అందరూ చెప్పే పేరే వినిపిస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఊరి తరఫున జవాబు చెబుతున్నామని మనిషి అనుకుంటాడు. ‘పోయిన వారం మీ ఇంట్లోవాళ్లు బయట తిన్నది ఎక్కడ?’ అని అడిగితే ఒక క్షణం ఆలోచించి, కొంచెం మొహమాటపడి, నిజం చెబుతాడు. మందుల షాపులో మనిషినో, బ్యాంకు గుమస్తానో, బడి దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లినో అడగడం మంచిది; మనం ఎక్కడ తిన్నా వారికి పైసా రాదు.

వినోదం విషయంలో స్థానికుడి సలహా లేకపోతే నష్టం మరింత సూటిగా ఉంటుంది. తాజ్‌మహల్‌కు శుక్రవారం, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంకు మంగళవారం సెలవు. ఆ ఒక్క వాక్యం తెలియక మూసిన గేటు ముందు ఫొటో దిగి వెనుదిరిగే కుటుంబాలు ఎన్నో. టికెట్ల సంగతి కూడా అంతే. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఆ రోజు జరిగే నాటక ప్రదర్శనల్లో మిగిలిన టికెట్లను తగ్గింపు ధరకు అమ్మే కౌంటర్ 1973 నుంచి ఉంది; వియన్నాలోని ప్రభుత్వ ఒపేరా భవనంలో నిలబడి చూసేవారికి చవక టికెట్లు ఇస్తారు. ఇటువంటి ఏర్పాట్ల గురించి హోటల్ గదిలో పెట్టిన రంగుల కరపత్రంలో సాధారణంగా ఉండదు, ఎందుకంటే వాటివల్ల మధ్యవర్తికి మిగిలేదేమీ లేదు. పర్యాటకుల కోసమే కుదించి, మైకుల మోతతో నలభై నిమిషాల్లో ముగించే సాంస్కృతిక కార్యక్రమం మాత్రం ఆ కరపత్రంలో మొదటి పేజీలోనే ఉంటుంది. అదే సాయంత్రం కళాశాల ఆడిటోరియంలోనో, గ్రంథాలయ భవనంలోనో ఊరివాళ్ల కోసం జరిగే ప్రదర్శన సంగతి తెలియాలంటే స్థానిక పత్రికలో ‘నేటి కార్యక్రమాలు’ చూడాలి. మీరు రోజూ అచ్చువేస్తున్న ఆ చిన్న శీర్షికను మీ పర్యాటక పేజీయే పట్టించుకోకపోవడం నాకు వింతగా తోస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు: స్థానికులకు ఇష్టమైన చోట్లన్నీ ఇలా బయటపెడితే అవి స్థానికులకు మిగులుతాయా? ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పర్యాటకులు ఎక్కువగా వచ్చే పార్క్ గుయెల్ ఉద్యానం దగ్గరి నివాసాల మీదుగా తిరిగే 116వ నంబరు చిన్న బస్సు పర్యాటకులతో కిక్కిరిసి, అక్కడి వృద్ధులకు ఎక్కడానికి వీల్లేకుండా పోవడంతో, ఆ బస్సు మార్గాన్ని గూగుల్ మ్యాప్స్‌లో చూపించకుండా నగరపాలక సంస్థ తొలగింపజేసిందని 2024లో వార్తలు వచ్చాయి. పన్నెండు కుర్చీలున్న భోజనశాల పేరు లక్షల ప్రతుల పత్రికలో వేస్తే జరిగేది కూడా ఇదే. అటువంటి చోట్లను వేయకపోవడమే న్యాయమని నా అభిప్రాయం. వేయక తప్పదనుకుంటే, రద్దీ లేని వేళను చెప్పి, యజమానిని అడిగి వేయండి.

మీ పర్యాటక పేజీలో సలహా చెప్పిన వ్యక్తి ఆ చోటికి చివరిసారి ఎప్పుడు వెళ్లారో, తన బిల్లు తానే కట్టుకున్నారో లేదో ఒక పంక్తిలో చెప్పించండి. వారపు సెలవు, వంట ముగిసే వేళ, మెట్లు ఎక్కలేని పెద్దలకు వీలుంటుందా లేదా అన్న వివరాలు ప్రతి పేరు పక్కనా ఉండాలి. ప్రకటన ఇచ్చిన సంస్థ పేరు అదే పేజీలో సలహాగా వస్తే, అది ప్రకటన అని పెద్ద అక్షరాల్లో వేయండి. స్థలం చాలదంటారేమో, పది పేర్లకు బదులు మూడే వేస్తే సరిపోతుంది.

భవదీయుడు,
మీ పాఠకుడు