కీమో పేషెంట్ల వేళ్ళ సంగతి కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫిబ్రవరి 4 క్యాన్సర్ దినం వచ్చిందంటే పేపర్లల్ల పేజీలకు పేజీలు వస్తయ్, ముందే గుర్తించండి, టెస్టులు చేయించుకోండి అని. మంచిదే. కానీ కీమో అయిపోయి బయటపడ్డోళ్ళ చేతులు కాళ్ళు ఎట్లున్నయో ఎవ్వరూ రాయరు.

మాది నిజామాబాద్ జిల్లా. మా వదిన పెండ్లి కాకముందు నుంచి బీడీలు చుడుతది. రొమ్ము క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్, కీమో అన్నీ అయినయ్. జుట్టు ఊడుతది, వాంతులైతయ్ అని ఆస్పత్రిల ముందే చెప్పిన్రు గానీ నరాలు గూడ దెబ్బతినొచ్చని ఒక్క ముక్క చెప్పలే. పాక్లీటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుడు మొదలైనంక వేళ్ళ కొసలు మొద్దుబారినయ్, అరికాళ్ళల్ల మంటలు, తునికాకు చేతిల ఉందో జారిందో కండ్లతోటి చూస్తే గానీ తెలుస్తలేదు. బీడీలకు వెయ్యి లెక్కన కూలి ఇస్తరు, వేళ్ళు ఆడకపోతే ఇంక కూలేడికెళ్ళి వస్తది?

ఆమె ఇది డాక్టర్‌కి చెప్పలే, చెప్తే మందు ఆపేస్తరేమో, రోగం మళ్ళా తిరగబెడుతదేమో అని. ఈ భయం చానామందికి ఉంటది. కానీ మొదట్లనే చెప్తే డాక్టర్లు డోసు తగ్గించొచ్చు, గ్యాప్ ఇయ్యొచ్చు, మందే మార్చొచ్చు. ముదిరినంక తగ్గాలంటే నెలలు పడ్తది, కొందరికైతే పూర్తిగా పోనే పోదు. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందులైతే, కీమో ఆపినంక గూడ కొన్ని నెలలు తిమ్మిర్లు పెరుగుతనే ఉంటయ్. పెద్దపేగు క్యాన్సర్‌కి ఇచ్చే ఆక్సాలిప్లాటిన్‌తోని ఫ్రిజ్‌ల నీళ్ళ సీసా పట్టుకుంటే షాక్ కొట్టినట్టైతది, చల్లనీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టైతది. మూడో స్టేజీల రిస్కు తక్కువున్నోళ్ళకి ఆరు నెలల బదులు మూడు నెలలిస్తే దాదాపు అంతే ఫలితం, తిమ్మిర్లు మాత్రం చానా తక్కువ అని 2018లనే పెద్ద స్టడీ వచ్చింది. మన దగ్గర పేషెంట్‌కి ఈ ముక్క చెప్పేదెవరు?

ఇంకోటి, మెడికల్ షాపుల 'నరాల బిళ్ళలు' అని ఏదో ఒకటి ఇచ్చి పంపిస్తరు. అండ్ల కొన్నిట్ల ఉండే అసిటైల్ ఎల్ కార్నిటిన్‌ని అమెరికాల రొమ్ము క్యాన్సర్ కీమో తీసుకునే 409 మంది ఆడోళ్ళ మీద స్టడీ చేసిన్రు, 2013ల రిజల్ట్ వచ్చింది, అది వాడినోళ్ళకే తిమ్మిర్లు ఇంకా ఎక్కువైనయ్! నొప్పి ఉన్నోళ్ళకి డ్యులోక్సెటిన్ అనే మందు కొంత పనిచేస్తదంటరు, అది గూడ డాక్టర్ రాసిస్తేనే వేసుకోవాలె.

నేను పెద్ద కోరికేం కోరుతలేను. కీమో ఎక్కించే ప్రతి విడత ముందు నర్సు రెండు నిమిషాలు కూసోబెట్టి జాకెట్ హుక్కులు పెట్టుకోగలుగుతున్నవా, కాలి చెప్పు జారితే తెలుస్తుందా, ఏం పని చేస్తవ్ అని అడిగి ఫైల్‌ల రాయాలె. షుగర్ ఉన్నోళ్ళనైతే ఇంకా గట్టిగ అడగాలె, వాళ్ళ నరాలు అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. మీరు గూడ ఆరోగ్యం పేజీల క్యాన్సర్ డాక్టర్‌తోని దీని మీద రాయించండి, వేడినీళ్ళు మోచేత్తో చూసుకోవాలె, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళకు దెబ్బలేమన్న తగిలినయా చూసుకోవాలె, ఇసొంటివి గూడ జర పెద్దక్షరాలల్ల వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఆర్మూర్