సవర గూడెపు బడికి పంపే మాస్టారికి ముందుగా సవర నేర్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట కొండల్లో, సవర భాష మాట్లాడే సవర గిరిజనుల గూడెపు ప్రాథమిక పాఠశాలలో మా నాన్నగారు 18 ఏళ్లు సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. అది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు వరకు ఐదు తరగతులూ ఒకే గదిలో, ఒకే నల్లబల్లను సుద్దగీతలతో పంచుకుని చదివేవి.

చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతిని నాన్నగారు ఇప్పటికీ బాధతోనే చెబుతారు. ఒకటో తరగతి పిల్లవాడికి రెండు చింతగింజలు చూపించి ఎన్ని అని అడిగితే వాడు ‘బాగు’ అన్నాడట. గింజలు బాగున్నాయంటున్నాడనుకుని మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట. లెక్క రాని పిల్లవాడని రాసుకున్నారు. కొన్ని వారాల తరువాత సీతంపేట సంతలో ఒక సవర అవ్వ అనాసపళ్లు ఏరిపెడుతూ ‘ఆబోయ్, బాగు, యాగి’ అని లెక్కపెట్టడం చెవిన పడి, ఆయన నడక ఆగిపోయింది. సవరలో బాగు అంటే రెండు. పిల్లవాడు రెండుసార్లూ సరైన జవాబే చెప్పాడు.

ఆనాటి నుంచి ఆయన సవర నేర్చుకోవడం మొదలుపెట్టారు. బడి అయ్యాక ఇంటికి దిగివచ్చే జీపు వదులుకుని, గూడెంలోనే రాత్రులు ఉండిపోయి, ముసలివాళ్ల దగ్గర కూర్చుని, విన్న ప్రతి మాటనూ తెలుగు లిపిలో నోటుపుస్తకంలో ఎక్కించుకున్నారు. ఒకటో తరగతికి లెక్కలూ కథలూ సవరలోనే చెప్పి, రెండో ఏడు తెలుగు మాటలు మెల్లగా కలిపి, మూడో తరగతికి వచ్చేసరికి తెలుగు వాచకం చేతికిచ్చేవారు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో పిల్లలు బడికి రాకపోతే తానే తోటల్లోకి వెళ్లేవారు. తల్లితో తల్లి భాషలో మాట్లాడగలిగిన మాస్టారి మాట ఆ తల్లి కాదనేది కాదు. చిన్నప్పుడు మా చదువు ఆయన ఎప్పుడూ చూడలేదని నేను అలిగిన మాట నిజం. ఆ అలక ఇప్పుడు లేదు.

ఆయన పదవీ విరమణతో ఆ భాష కూడా బడి గడప దిగి మా ఇంటికి వచ్చేసింది. తరువాత వచ్చిన ఉపాధ్యాయుడు శ్రద్ధ గల యువకుడు, కానీ సవరలో ఒక్క మాట తెలియకుండానే ఆయనను అక్కడికి పంపారు. పిల్లలు ఏమంటున్నారో అడగడానికి అప్పుడప్పుడు నాన్నగారికి ఫోన్ చేస్తుంటారు. నాన్నగారిలాగే ఆ యువకుడూ చింతగింజల దగ్గరే మళ్లీ మొదలుపెడుతున్నారు.

అయ్యా, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలోనే సాగాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకైనా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని అదే చట్టం షెడ్యూలులో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు కూడా తయారయ్యాయి. వాచకం ఉన్నా, అది చదివి చెప్పగల మనిషి లేకపోతే పిల్లవాడికి ఒరిగేదేమిటి? ఏటా ఆగస్టు 29న మన ప్రభుత్వం గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వాచకాలూ నిఘంటువూ కూర్చిన మహనీయుడాయన. ఆ పని నూరేళ్ల తరువాత కూడా ఒక్కొక్క మాస్టారి సొంత పూనిక మీదే ఆధారపడి ఉండటం నాకు అన్యాయంగా తోస్తోంది.

కాబట్టి సవర గూడేలకు నియమించే ప్రతి ఉపాధ్యాయుడికీ, బడిలో చేరకముందే, కనీసం మూడు నెలలు జీతంతో కూడిన సవర శిక్షణ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నేర్పేవారు గూడెపు పెద్దలే కావాలి, వారికి గౌరవవేతనం ఇవ్వాలి. సవర వచ్చిన ఉపాధ్యాయుడు బదిలీపై వెళ్లేటప్పుడు, కొత్తగా వచ్చినవారితో ఒక నెలైనా కలిసి పనిచేసే వీలు బదిలీ నిబంధనల్లోనే కల్పించాలి.

నాన్నగారి నోటుపుస్తకాలు పదకొండు ఉన్నాయి. సీతంపేట సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయానికి ఏ రోజు తెమ్మంటే ఆ రోజు తీసుకువస్తాము. శిక్షణకు పిలిస్తే తానూ వచ్చి నేర్పుతానని ఆయన చెప్పమన్నారు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని కుమార్తె