పన్ను కాగితం, పక్కింటాయన, మీ సంఘం

మాడిసన్, విస్కాన్సిన్
జనవరి 12, 2025

నాన్నగారికి,

నమస్కారాలు. రేపు భోగి. ఇక్కడ చలి గడ్డకట్టించేస్తోంది కాబట్టి మంట వేసేది లేదు. పిల్లవాడికి మాత్రం రేగుపళ్లకు బదులు ఈ రాష్ట్రంలో విరివిగా పండే క్రాన్‌బెర్రీలతో భోగిపళ్లు పోస్తాం. అమ్మతో చెప్పండి, నవ్వుకుంటుంది.

మొన్న ఫోనులో మళ్లీ పక్కింటాయన ప్రస్తావన తెచ్చారు. నిరుడు వేసవిలో మీరిద్దరూ కంచెకు చెరోపక్క నిలబడి వాదించుకోవడం, నడుమ మీ మాట ఆయనకూ ఆయన మాట మీకూ చేరవేయలేక నేను సతమతం కావడం ఇంకా మరిచిపోలేదు. "జీవితమంతా పేడ ఎత్తి పాలు పితికినవాడికి యూనియన్ అంటే అంత కంటగింపు ఏమిటమ్మా? ఇది భూస్వామి బుద్ధి" అని తేల్చేశారు మీరు. ఫోనులో తెగే విషయం కాదు కనుక తీరికగా రాస్తున్నాను. ఆయన భూస్వామి కాదు నాన్నా. ఆయన పార్టీతో నాకు పొత్తు కుదరదు, కానీ ఆయన అడిగే ప్రశ్నకు మీ దగ్గరా నా దగ్గరా తేలికైన జవాబు లేదు.

ముందు ఒక కాగితం సంగతి చెప్పాలి. ఏటా డిసెంబరులో ఇంటి ఆస్తి పన్ను బిల్లు వస్తుంది. జనవరి 31లోగా మొత్తమో మొదటి వాయిదానో కట్టాలి. మా చిన్న ఇంటికే ఎనిమిది వేల డాలర్ల దాకా అయింది. అందులో ఎవరి వాటా ఎంతో వరుసగా అచ్చువేసి ఉంటుంది: కౌంటీకి, అంటే మన జిల్లాలాంటి దానికి ఇంత, నగరానికి ఇంత, సాంకేతిక కళాశాలకు ఇంత, బడికి ఇంత. అన్నిటికన్నా పెద్ద అంకె బడిదే. నిరుటి అంకె పక్కనే ఈ ఏటి అంకె, ఎంత శాతం పెరిగిందో కూడా అక్కడే ఉంటుంది. మా అబ్బాయి టీచరు జీతంలో నా వంతు ఎంతో నేను ఇంచుమించు లెక్కకట్టగలను.

మీరు ముప్పై ఏళ్లు పైగా జిల్లా పరిషత్ బడిలో పాఠం చెప్పారు. మీ జీతం ఎవరి జేబులోంచి వచ్చిందో మన ఊళ్లో ఎవరికైనా తెలుసా? సబ్బు మీద, డీజిలు మీద, సిగరెట్టు మీద, మందు మీద కట్టిన పన్ను ఎక్కడెక్కడో తిరిగి ఖజానాకు చేరి మీ జీతమై వచ్చింది. పంచాయతీకి కట్టే ఇంటి పన్నులో మీ ఊసే లేదు. అందుకే ఊరికి మీరు మాస్టారుగారే తప్ప ఏనాడూ ఖర్చు కాలేదు. ఇక్కడ టీచరు ముందు ఒక అంకె, ఆ తరువాతే టీచరు. పన్నుల మీద, ప్రభుత్వ ఖర్చు మీద ఇక్కడి సంప్రదాయవాదులకు ఉన్న కోపంలో సగం ఈ కాగితంలోంచే పుడుతుందని నా అనుమానం.

ఇంకో తమాషా ఉంది. బడులు పన్ను ద్వారా ఎంత రాబట్టుకోవచ్చో 1993 నుంచీ రాష్ట్రం పరిమితి పెట్టింది. దాన్ని దాటాలంటే జనాన్నే ఓటు అడగాలి. పోయిన నవంబరులో మాడిసన్ బడుల జిల్లా, అంటే ఇక్కడి బడులను నడిపే స్థానిక సంస్థ, రెండు ప్రశ్నలు పెట్టి మొత్తం 60.7 కోట్ల డాలర్లకు అనుమతి అడిగింది. రెండూ నెగ్గాయి. పక్కింటాయన రెండింటికీ వద్దని వేసి, ఆ మాట దాచకుండా వచ్చి చెప్పాడు. మాకింకా పౌరసత్వం లేదు కాబట్టి ఓటు లేదు. పెరిగిన పన్ను మాత్రం ఆయనతో సమానంగా కడుతున్నాం. "ఓటు లేకుండా పన్నేమిటని మా పూర్వీకులు విప్లవమే చేశారు, నీకు ఒళ్లు మండదా?" అని అడిగాడు. నేనయితే అవునని వేసేదాన్నని చెప్పాను. పెద్దగా నవ్వి వెళ్లిపోయాడు.

ఇక ఆయన కథ. నైరుతి మూల కొండల్లో నలభై ఆవులు ఉండేవి. పాల ధర ఆయన చేతిలో ఉండేది కాదు, దాణా ధరా ఉండేది కాదు. ఆరోగ్య బీమా సొంత డబ్బుతో కట్టుకున్నాడు. ముసలితనంలో కేంద్రం అందరికీ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ తప్ప వేరే పింఛను లేదు. 2004లో ఈ రాష్ట్రంలో 15 వేలకు పైగా ఉన్న పాడి క్షేత్రాలు ఇప్పుడు 6 వేలకు దిగువకు పడిపోయాయి. పడిపోయిన వాటిలో ఆయనదీ ఒకటి. ఆ ఊళ్లో ఎండకూ వానకూ జంకకుండా జీతం, బీమా, పింఛను అందుకునేది బడి ఉద్యోగులు, కౌంటీ ఉద్యోగులు. "వాళ్లంటే నాకు పగ లేదు. కానీ నాకు లేని పింఛనుకు నేను ఎందుకు డబ్బు కట్టాలి?" అంటాడు. ఇక్కడికి దక్షిణాన జేన్స్‌విల్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ 2008 డిసెంబరులో మూతపడింది. దాంతో అక్కడి యూనియన్ కార్మికులే వీధిన పడ్డారు. అలాంటి ఊళ్లలో ప్రభుత్వోద్యోగి స్థిమితం కంట్లో నలుసైంది.

ఆయన వాదంలో నేను కొట్టిపారేయలేని ముక్క ఇది. ఫ్యాక్టరీలో యూనియన్ మరీ బిగిస్తే యజమాని నష్టపోతాడు, ఆ భయం ఇద్దరికీ ఉంటుంది, బేరం ఎక్కడో తెగుతుంది. ప్రభుత్వంలో అలా కాదు. యూనియన్ చందా ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి ఒకరిని గెలిపిస్తుంది. గెలిచినవాడు అదే యూనియన్‌తో జీతాల బేరానికి కూర్చుంటాడు. ఆ ఇద్దరిలో సొమ్ము తనది అనుకునేవాడు ఒక్కడూ ఉండడు. మన భాషలో అత్త సొమ్ము అల్లుడు దానం. కార్మికుల పక్షాన నిలిచిన అధ్యక్షుడు రూజ్వెల్ట్ కూడా ప్రభుత్వోద్యోగాల్లోకి సామూహిక బేరాన్ని, అంటే ఉద్యోగులందరి తరఫునా యూనియన్ బేరమాడడాన్ని, మామూలు పద్ధతిలో తీసుకురావడం కుదరదని 1937 ఆగస్టులో ఫెడరల్ ఉద్యోగుల సంఘం అధ్యక్షుడికి రాశాడు. ఆ ఉత్తరం పక్కింటాయనకు కంఠోపాఠం. అయినా 1959లో పురపాలక ఉద్యోగులకు ఆ హక్కును చట్టంగా ఇచ్చిన మొదటి రాష్ట్రం ఇదే. అందుకే ఇక్కడ దెబ్బ పడినప్పుడు దేశమంతా చూసింది.

2011 నాటి గొడవ గురించి అప్పట్లో ఫోనులో కొంత చెప్పాను. అప్పుడు నేను యూనివర్సిటీలో టీఏని, అంటే టీచింగ్ అసిస్టెంట్‌ని. ఫీజు మాఫీ, ఆరోగ్య బీమా మా యూనియన్ చలవే. కొత్తగా గెలిచిన గవర్నర్ స్కాట్ వాకర్, ఆ ఏడాది లోటు 13.7 కోట్ల డాలర్లు, తరువాతి రెండేళ్లకు 360 కోట్లు అని లెక్క చూపి ఫిబ్రవరిలో బిల్లు తెచ్చాడు. ఉద్యోగులు పింఛను నిధికి జీతంలో సుమారు 5.8 శాతం, బీమా ప్రీమియంలో 12.6 శాతం కట్టాలి. అంతవరకు సరే. మన వదినకు పింఛను పథకం సీపీఎస్ కింద జీతంలో 10 శాతం కోస్తున్నప్పుడు ఇది అన్యాయమని మీరూ అనలేరు. అసలు మంట మిగతా భాగంలో ఉంది. ఇకమీదట మూల వేతనం గురించి మాత్రమే, అదీ ధరల పెరుగుదలకు లోబడి మాత్రమే బేరమాడాలి. యూనియన్ చందా జీతంలోంచి మినహాయించరు. ప్రతి యూనియన్ ఏటేటా ఓటింగు పెట్టుకుని, ఓటు వేసినవాళ్లలో కాదు, ఉన్న ఉద్యోగులందరిలో 51 శాతం మద్దతు చూపాలి. ఇంట్లో కూర్చున్నవాడి ఓటు వ్యతిరేక ఓటు కింద లెక్క. ఈ పద్ధతిలో పోటీ చేయమంటే వాకర్ సహా ఇక్కడ ఒక్క నాయకుడూ గెలవడు.

ప్రేమికుల దినం నాడు మా టీఏల యూనియన్ గుత్తులు గుత్తులుగా వాలెంటైన్ కార్డులు తీసుకెళ్లి గవర్నర్ కార్యాలయంలో ఇచ్చింది. రెండు రోజులు తిరగకుండానే శాసనసభ భవనం కిక్కిరిసిపోయింది. గుమ్మటం కింద డప్పుల మోత చెవులు చిల్లులు పడేలా ఉండేది. రాత్రుళ్లు పాలరాతి నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్లలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న టీచర్లను చూశాను. గోడలన్నీ పోస్టర్లే, కానీ పాలరాయి పాడవకుండా రంగులు వేసేవాళ్లు వాడే నీలం టేపుతోనే అంటించారు. మన సమ్మెల్లో తారు డబ్బా పట్టుకుని గోడల మీద పడే మీ మిత్రులు తలపుకొచ్చి నవ్వుకున్నాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఫోను చేసి డబ్బు కట్టి, దగ్గరలోని పిజ్జా దుకాణం నుంచి మాకు పిజ్జాలు పంపించారు.

మీకు బాగా నచ్చే ఘట్టం ఇంకొకటి. ఇక్కడి సెనేట్‌లో, అంటే ఎగువ సభలో, 33 మంది. వాకర్ పక్షం 19, ఎదుటి పక్షం 14. ద్రవ్య బిల్లుకు కోరం, అంటే సభలో కనీసం ఉండాల్సినవాళ్లు, 20 మంది. ఆ 14 మందీ చెప్పాపెట్టకుండా పక్క రాష్ట్రం ఇల్లినాయ్‌కి చెక్కేశారు! 1984 ఆగస్టులో రామారావుగారి ఎమ్మెల్యేలను కర్ణాటక దాటించినట్టే. మూడు వారాల శిబిర రాజకీయం తరువాత వాకర్ పక్షం బిల్లులోంచి ద్రవ్య అంశాలు తీసేసి, ఆ కోరం అక్కర్లేకుండా మార్చి 9న 18-1 తేడాతో నెగ్గించుకుంది. 11న సంతకం. 12న ట్రాక్టర్లు వేసుకుని రైతులే వచ్చి భవనం చుట్టూ ఊరేగారు. కాబట్టి రైతులందరూ పక్కింటాయన వైపని అనుకోకండి.

నా తీర్పు చెబుతాను. ఫిబ్రవరి మూడో వారంలోనే యూనియన్ నాయకులు పింఛనూ బీమా వాటా కట్టడానికి ఒప్పుకున్నారు, బేరమాడే హక్కు మాత్రం ఉంచమన్నారు. డబ్బే సమస్య అయితే పని ఆ రోజే అయిపోయింది. వాకర్ ఒప్పుకోలేదు. పైగా పోలీసులకూ అగ్నిమాపక సిబ్బందికీ మినహాయింపు. పన్ను చెల్లింపుదారుడి సొమ్ము మీద అంత శ్రద్ధే ఉంటే పోలీసు జీతం ఆ సొమ్ములోంచి రాదా? ఈ ప్రశ్న వేసిన ప్రతిసారీ పక్కింటాయన వాతావరణం గురించి మాట్లాడతాడు.

అయితే ఫలితాలు మనం కోరుకున్నంత ఏకపక్షంగా లేవు. అంతకుముందు చాలా బడులు టీచర్ల సంఘమే నెలకొల్పిన సంస్థ దగ్గర బీమా కొనేవి. చట్టం వచ్చాక వేరే కంపెనీలను అడిగి ఖర్చు తగ్గించుకున్నాయి. ఇది నిజంగా జరిగింది. రీకాల్ పెట్టి, అంటే గడువుకు ముందే మళ్లీ ఎన్నిక జరిపించి, వాకర్‌ను దించాలని లక్షల మంది సంతకాలు చేస్తే, 2012 జూన్‌లో 53 శాతం ఓట్లతో తిరిగి గెలిచాడు. అమెరికాలో రీకాల్‌ను తట్టుకున్న మొదటి గవర్నర్ అతనే. ఇంకోవైపు, 2010లో ఇక్కడ నూటికి 14 మంది ఉద్యోగులు యూనియన్‌లో ఉంటే 2023 నాటికి ఏడుగురు మిగిలారు. జీతం పట్టిక పోయి ఏ బడుల జిల్లాకు ఆ జిల్లా తమకు తోచిన జీతం ఇవ్వడం మొదలయ్యాక, పేద జిల్లాల టీచర్లు ఎక్కువ ఇచ్చే జిల్లాలకు వెళ్లడం పెరిగింది. పక్కింటాయన సొంతూరి బడిలో సైన్సు టీచర్లు నిలవడం లేదట. ఆ మాటా ఆయనే చెప్పాడు, ఎవరినో తిడుతున్నట్టుగా.

ప్రతి ఖర్చునూ ఖర్చుగానే చూసే జబ్బుకు ఒక ఉదాహరణ చెప్పి ఊరుకుంటాను. మిల్వాకీ నుంచి మాడిసన్‌కు రైలు వేయడానికి కేంద్రం 81 కోట్ల డాలర్లు ఇస్తే, తరువాత నడిపే ఖర్చు మా నెత్తిన పడుతుందని వాకర్ వద్దన్నాడు. ఆ డబ్బు వేరే రాష్ట్రాలకు పోయింది. రాష్ట్రం అప్పటికే కొనడానికి సిద్ధపడ్డ రెండు రైళ్లు ఏళ్లకేళ్లు మూలపడి, చివరకు 2022లో నైజీరియాలోని లాగోస్ కొనుక్కుంది. మేమింకా మిల్వాకీకి బస్సులోనో కారులోనో పోతున్నాం.

అవతలి పక్షమూ తక్కువ తినలేదు. వాకర్ తరువాత గవర్నరైన ఎవర్స్ ఒకప్పుడు బడిపంతులే. 2023లో బడ్జెట్ చట్టంలోని "2024-25" అనే చోట కొన్ని అంకెలూ గీతా కొట్టేసి "2425" అయ్యేలా చేశాడు. రెండేళ్లకని ఇచ్చిన, బడుల పన్ను పరిమితిలో ఏటా ఒక్కో విద్యార్థికి 325 డాలర్ల పెంపు నాలుగు వందల ఏళ్లకు సాగింది! కేసు ఇక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ విషయంలో పక్కింటాయన కోపం నాకు సబబుగానే తోస్తుంది. జనాన్ని అడగకుండా క్రీ.శ. 2425 దాకా పన్ను పెంచుకునే వీలు రాసుకోవడం ఎవరు చేసినా పెత్తనమే.

మీకు అసలు వార్త: గత నెల 2న ఇక్కడి జిల్లా జడ్జి ఒకరు 2011 చట్టంలో చాలా భాగం చెల్లదన్నారు. ఉద్యోగులను పోలీసులు, మిగతావారు అని విడదీసిన తీరు సమానత్వానికి విరుద్ధమని ఆయన తీర్పు. వెంటనే అప్పీలు వెళ్లింది. యూనియన్లలో పండుగ వాతావరణం ఉంది, పక్కింటాయన మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తరువాత ఆయనే మా వాకిట్లో మంచు ఎత్తిపోశాడు.

ఈసారి ఉత్తరంలో నాకు ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి. రామారావుగారు పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు మీ సంఘం ఎలా కదిలిందో వందసార్లు చెప్పారు. ఆ వేడి లేని మామూలు సంవత్సరంలో, రాని వాళ్ల ఓటు కూడా వ్యతిరేకంగా లెక్కపెట్టి ఏటా ఓటింగు పెడితే మీ సంఘానికి 51 శాతం వచ్చేదా? సంఘం కార్యదర్శిగా కాదు, నాన్నగా చెప్పండి. వదిన డీఏ బకాయిలు ఏమైనా పడ్డాయేమో కూడా రాయండి. అమ్మకు మోకాలి మందు అన్నయ్య స్నేహితుడితో పంపుతున్నాను, రాత్రి భోజనం తరువాతే వేసుకోమనండి.

మీ అమ్మాయి,
శారద